బొమ్మల కథల పెట్టె



పంతులుగారు రేడియోలో మాటలాడుదురట, భారతమునుండి ఏదేని ఘట్టము చెప్పుదురు కాబోలునని మా పరవాడ రచ్చబండకడ పెద్దలు నాలుగు దినములుగా అనుకొనుచున్నారని వింటిని. వారు మన్నింతురుగాక. నేడు నేను చెప్పబోవునది భారతము గాదు. పిల్లలు చదువుకొను బొమ్మల కథల పుస్తకములను గూర్చి. పట్టణములయందు వీనిని కామిక్కులందురు. మనము మనవలకు కొనిపెట్టుటయేగాని విప్పిచూడని వస్తువిది. ఇట్టి దానికొక ప్రసంగమేలయని మీలో కొందరికి తోచవచ్చును. కాని మీ యింటి అటకమీద ఏ గోనెసంచిలోనో పాత చందమామలు కొన్ని పడియున్నచో, ఈ మాటలు ముఖ్యముగా మీకొరకే.

బొమ్మలతో కథ చెప్పుట మనకు దొరలు నేర్పిన విద్య కాదు. అమరావతీ స్తూపపు శిలలలో గుండ్రని ఫలకమొకటి కలదు. అందు నాళాగిరి యను మదపుటేనుగు వీధిలో జనులను త్రొక్కుచు పరుగెత్తుచున్నది. ఆ ఫలకమునందే, ఒక జానెడు ఎడముగా, అదే యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లియున్నది. ఏనుగులు రెండు కావు, ఒక్కటే, క్షణములు రెండు. ముందొక క్షణము, పిదప వేరొక క్షణము, ఈ రెంటి నడుమ జరిగినదానిని చూచువాడు తన మనస్సున పూరించుకొనవలెను. నేటి కామిక్కుల కిటుకంతయు ఇదియే. మన శిల్పి దానిని పదునెనిమిదివందల యేండ్లక్రిందటనే యెరుగును. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రమును చూడుడు: వరుసలు వరుసలుగా గళ్లు, గడికొక రామాయణ ఘట్టము, బొమ్మక్రింద తెలుగున వ్రాత. తెలంగాణమునందలి చేర్యాల నకాషీ పటములను కథకులు చుట్టవిప్పుచు, ఒక్కొక్క గడిని చూపుచు, రాత్రియంతయు కుల పురాణములు చెప్పెడివారు. జపానుదేశమున 1930 ప్రాంతములందు సైకిలు వెనుక చిన్న కొయ్యచట్రమును కట్టుకొని, దానిలో బొమ్మల అట్టలను ఒకదాని తరువాత నొకటి మార్చుచు వీధిపిల్లలకు కథలు చెప్పువారుండిరి. మిఠాయి కొన్న పిల్లలకు ముందువరుస. మన తోలుబొమ్మలాటవారు ఇంతకంటె ఉదారులు. వెనుకవరుస వానికిని తెర సమానమే.

అచ్చుపుస్తకముల సంగతికి వత్తును. తెలుగు పిల్లలకు 1945లో న్యాపతి రాఘవరావు, కామేశ్వరీ దంపతులు 'బాల'ను తెచ్చిరి. వీరినే రేడియో అన్నయ్య, అక్కయ్య యని మన తలిదండ్రుల తరమువారు పిలుచుకొనిరి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసునుండి 'చందమామ'ను వెలువరించిరి. చందమామ అచ్చముగా కామిక్కు కాదు. కథకు బొమ్మ తోడుగా నుండునేగాని బొమ్మయే కథ కాదు. అయినను చిత్రాగారు గీసిన 'చిత్రకథ' యని ఒక పుట యందు వచ్చెడిది. దాసు, వాసు అను ఇరువురు బాలురు, టైగరను కుక్క. ఒక్క పుటలో చిక్కు, ఒక్క పుటలోనే విడుపు. పిమ్మట 1964లో బొంబాయినుండి ఇంద్రజాల్ కామిక్సు, 1967లో అనంత్ పాయిగారి అమర్ చిత్ర కథలు పుట్టినవి. ఈ రెండును మా యూరికి చేరుసరికి మాకు మీసములు మొలచినవి. కావున నా మాటలలో చందమామయే తరచుగా వచ్చినచో ఆశ్చర్యపడవలదు.

1968 ప్రాంతమున నేను మూడవ తరగతి చదువుచుంటిని. అనకాపల్లి బెల్లపు బజారునకు బండ్లు తోలుకొని పోయిన పెద్దలు తిరిగి వచ్చునపుడు ఎవరైన ఒకరు చందమామ తెచ్చెడివారు. ఊరి మొత్తమునకు నెలకు రెండు ప్రతులు. ఒక్కొక్క నెల ఒక్కటియే. పిల్లలమో, నలుబదిమందిమి. అట్టి కరవులో మేము కొన్ని శాసనములను ఏర్పరచుకొంటిమి. చేతులు కడుగుకొననివానికి పుస్తకము లేదు. వ్రేలు నాలుకకు తాకించి పుట త్రిప్పినవాని వంతు ఆ నెలకు రద్దు. చదువువాడు పెద్దగా చదువవలెను. నలుగురు చుట్టును చేరి బొమ్మలు చూడవలెను. బొమ్మను అందరు చూచితిమనువరకు పుట త్రిప్పరాదు. ఇంటికి తీసికొనిపోవలెనన్నచో ఇరువది గోళీలు కుదువ. బడి మానిపించిన ఆడపిల్లలకు పెరటి గోడమీదుగా అందించెడివారము; వారికి గోళీలు అడుగువాడు లేడు, ఏలయన వారు మూడు దినములు గడువకముందే తిరిగి ఇచ్చెడివారు, అట్ట నలిగినచో గంజిపెట్టి అతికించియు ఇచ్చెడివారు. మాలో చదువురాని వారును కొందరుండిరి. బొమ్మను వారు చూచినంత నిశితముగా మేము చూచియుండలేదు. రాజుగారి కత్తి కిందటి పుటలో కుడిచేతనుండి ఈ పుటలో ఎడమచేతికి వచ్చినదేమని వారే పట్టుకొనెడివారు.

ధారావాహికల ముచ్చట వేరు. శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, ఈ పేర్లు విన్నంతనే నా యీడువారికి ఇప్పటికిని ఒడలు గగుర్పొడుచును. వీనిని వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారని మాకు చాలకాలము తెలియదు. కథ మాత్రమే తెలియును. ఒకనాడు సంతలో పకోడీల పొట్లము విప్పగా నాకొక ధారావాహికలోని రెండు పుటలు దొరికినవి. నడిమి పుటలు. ముందేమి జరిగినదో, తరువాత ఏమి జరుగునో లేదు. నూనె కారుచున్న ఆ కాగితమును ముగ్గుపిండి చల్లి ఆరబెట్టి దాచితిని. నా సేకరణమునకు అదియే ఆరంభము. పకోడీల అంగడివానియొద్ద తూకమునకు వచ్చిన పాత కాగితములను వెదకుట అప్పటినుండి నాకొక వ్రతమైనది. మా యింట నాకు 'కాగితాల గుంటడు' అని పేరును వచ్చినది.

ఇక్కడ ఒక మాట చెప్పక ముందుకు పోలేను. చందమామ అట్టమీద దేవతలు, అప్సరసలు, వీరులు మిలమిల మెరయుచు కనిపించెడివారు, మూలను 'వ.పా.' అని చిన్న సంతకము. మద్రాసునుండి రైలులో అనకాపల్లికి, అక్కడనుండి బెల్లపు బండిలో మా యూరికి వచ్చిన ఆ బొమ్మలను చూచి, ఈయన ఏ కాశ్మీరమువాడో అని మేమనుకొంటిమి. ఆయన శ్రీకాకుళమున 1921లో జన్మించిన వడ్డాది పాపయ్యగారు. విజయనగరము మహారాజా కళాశాలలో చిత్రలేఖనము బోధించిన మన ఉత్తరాంధ్రులు. జీవితపు ఉత్తరార్ధమును గడపినది అనకాపల్లి ప్రక్కనున్న కశింకోటలో. 1992లో కన్నుమూసిరి. మా పరవాడనుండి సైకిలుమీద ఒక పూటలో పోయివచ్చునంత దూరమున ఆయన కూర్చుండి కుంచె పట్టియుండగా, మేము ఆయన బొమ్మలను గోళీలకు కుదువపెట్టుకొనుచుంటిమి!

పెద్దలు ఈ పుస్తకములను మెచ్చెడివారా? అందరును కాదు. నాకు సంస్కృతము చెప్పిన గురువుగారు, బొమ్మ రుచి మరిగినవాడు శ్లోకము మొగము చూడడనెడివారు. ఒకనాడు వారు నా సంచిలోనుండి సంచిక లాగికొని భేతాళ కథను చదివిరి. చదివి, 'ఇది సోమదేవునిది కాదురా!' అనిరి. నిజమే. కథాసరిత్సాగరమున సోమదేవభట్టు చెప్పిన భేతాళ కథలు ఇరువదియైదు మాత్రమే. చందమామవారు ఆ ఇరువదియైదింటితో ఊరకొనక, విక్రమార్కుని భుజముమీదనుండి శవమును దింపనీయక, ఏండ్ల తరబడి క్రొత్త కథలను చెప్పించుచునే యుండిరి. శంకరుగారు గీసిన ఆ బొమ్మ, కత్తిదూసిన రాజు, భుజమున వ్రేలాడు శవము, చుట్టును స్మశానము, నేటికిని తెలుగువాని కన్నులలో చెరగలేదు. గురువుగారు ఆ దినము పుస్తకమును తిరిగి ఇచ్చివేసిరి. తరువాతి నెల పదవ తేదీన, పాఠము నడుమ, 'ఏమిరా, ఆ ఇరువదియాఱవ కథ వచ్చినదా?' అని అడిగిరి.

గురువుగారి సందేహము ఊరక కొట్టివేయదగినది కాదు. 1954లో అమెరికాలో ఫ్రెడరిక్ వెర్థమను వైద్యుడు కామిక్కులు బాలురను చెరచుచున్నవని గ్రంథమే వ్రాసెను. అక్కడి సెనేటు విచారణ జరిపెను. ప్రచురణకర్తలు తమకుతామే కట్టుబాటు విధించుకొనిరి. మన దేశమునను 1956లో బాలురకు హానికరములైన ప్రచురణములను నిషేధించు శాసనము వచ్చినది. రక్తపాతమే పరమార్థముగా గల పుస్తకములు అప్పుడును ఉండినవి, ఇప్పుడును ఉన్నవి. వానిని నేను పిల్లల చేతికీయను. కాని గింజలో రాయి కలదని పంటనే కాల్చువాడు కాపు కాడు. నా యనుభవమున, బొమ్మల కథ చదివిన పిల్లవాడు నీతిచంద్రికకు రాడన్నమాట నిలువలేదు. మిత్రలాభమునందలి చిత్రగ్రీవుని పేరు వినగానే 'ఆ పావురము నాకు తెలియు'నని ముందుగా చేయియెత్తినవాడు ఎప్పుడును చందమామ చదివినవాడే.

భాష సంగతి యడుగుదురేమో. నేను ఈ దినము మీతో గ్రాంథికముననే మాటలాడుచున్నాను. అది నా అభ్యాసము, విడువలేను. అయినను 1952 మొదలు 1980లో తాను గతించువరకు చందమామను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారి వచనమును చూచిన ప్రతిసారియు నాకు అసూయయే కలుగును. ఎవరు వ్రాసి పంపినను ఆయన చేతిలో పడి, ఎనిమిదేండ్ల పిల్లకు అడ్డుతగులని వాక్యమై వెలువడెడిది. వాక్యమునకు ఒక్క సంగతి. అనవసరమైన విశేషణము మచ్చునకైన లేదు. వ్యాకరణము నేర్చిన మాకు అంత తేలికగా వ్రాయుట ఎంత బరువో తెలియును.

చదువు ముగిసి ఉద్యోగములో చేరి నేను ఊరూరను తిరిగితిని. ఎక్కడికి బదిలీయైనను ఒక రేకుపెట్టె నా వెంట వచ్చెడిది. ఆరేసి సంచికలను కలిపి దారముతో కుట్టించి ఉంచితిని. ఇనుప పిన్నులను ముందే తీసివేసితిని, ఏలయన మా ప్రాంతమున సముద్రపు గాలికి ఆ పిన్నులు రెండేండ్లలో తుప్పుపట్టి, తుప్పు కాగితమును తినివేయును. పసుపు గుడ్డలో చుట్టుట, నడుమ వేపాకు, మూలలలో వసకొమ్ము. ఇవి తాటాకు గ్రంథములకు మా తాతగారు చేసిన ఉపచారములే. ఆ తాటాకులు రెండువందల యేండ్లు నిలిచినవి. చందమామ కాగితము అట్టిది కాదు. చెక్కగుజ్జుతో చేసిన చవుక కాగితము వెలుతురు సోకినకొలది తానే ఎఱ్ఱబారి పెళుసగును; చెదపురుగు రాకున్నను అది తనను తానే తినును.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను వచ్చినది. విశాఖమండలమువారికి ఆ దినమును వర్ణింపనక్కరలేదు. మా యింటి పెంకులు తెల్లవారుసరికి వీధిలో నుండినవి. అటకమీది రేకుపెట్టె కొట్టుకొనిపోలేదు, నీటితో నిండియుండెను. అప్పటికి నా యొద్దనున్న సంచికలు మొత్తము నూట నలుబది రెండు. పెట్టెలోనున్నవి తొంబది. వానిలో ఆరబెట్టి విడదీయగలిగినవి పదునొకండు. తక్కినవి ఒక్క ముద్ద. మిగిలిన ఏబది రెండును ఆ సమయమున బడిపిల్లల యిండ్లలో ఉండెను. బియ్యపు డ్రమ్ములలో, పరుపులక్రింద, ఒక యింట దేవుని గూటిలో. నెలలోపల వానిలో నలుబది యేడు నా అరుగుమీదికి తిరిగి వచ్చినవి. ఒక బాలుడు తన పాఠ్యపుస్తకములు తడిసినవని, చందమామ మాత్రము తడియలేదని, మొగమున ఏ భావము చూపవలెనో తెలియక నిలుచుండెను. పెట్టెకంటె పిల్లలే నయమని మా యింట ఆ దినము అనుకొన్నారు. నేనేమియు అనలేదు. కొట్టముననున్న మరియొక రేకుపెట్టెను మాత్రము తూకమునకు ఇచ్చివేసితిని.

చందమామ చేతులు మారి, నడుమ నొకసారి నిలిచి, తిరిగి సాగి, 2013 నాటికి పూర్తిగా ఆగిపోయినది. ఇప్పుడు మిగిలినది పాఠకుల యిండ్లలో మిగిలినంతయే. దాచినవారు కొందరు తమ సంచికలను పుట పుటగా ఛాయాచిత్రములు తీయించి కంప్యూటరులలో నిలిపి, అందరికి అందించినందువలననే నేడు పాత కథలలో పెక్కు మరల చదువ వీలగుచున్నది. ఎవరో దాచవలెను, నిజమే. దాచినవాడు విప్పియు చూపవలెను. ఈ రెంటిలో ఒకటియే చేసినవారిని నేను చాలమందిని చూచితిని. అద్దాల బీరువాలో తాళము వేసి, ఒక్కొక్క సంచికకు వేలు పలుకు వ్యాపారులును ఇప్పుడున్నారు. ఆ సంచిక పుట్టినప్పుడు దాని వెల రూపాయిలోపు.

మా యూరి స్థితి మారినది. ఇప్పుడు మాకు సింహాద్రి తాప విద్యుత్కేంద్రము కలదు, ఔషధ నగరము కలదు. ఒడిషానుండి, బీహారునుండి పనివారు కుటుంబములతో వచ్చి నివసించుచున్నారు. మన పిల్లలా, ఆంగ్ల మాధ్యమమున చదువుచు, తెలుగున వత్తులున్న మాటవద్ద ఆగిపోవుచున్నారు. 'ఇదేటి మేస్టారూ, దీని కింద ఇంకో అక్షరం ఏలాడుతోంది?' అని ఐదవ తరగతి బాలిక నన్నడిగినది. వారిని మందలించి ప్రయోజనము లేదు. శనివారము సాయంకాలము అరుగుమీద ఆ నలుబది యేడు సంచికలను పరచెదను. పెద్దపిల్ల చదువును, చిన్నవారు బొమ్మ చూతురు. మా చిన్ననాటి శాసనములే. గోళీలు లేవు గనుక కుదువ లేదు. బొమ్మలో ఏమి జరిగినదో తెలియును గనుక మాటను ఊహించి పట్టుకొందురు. పట్టుకొన్న మాటను మరచిపోరు. ఆరు నెలలలో వత్తులు వ్రేలాడుట మానినవి.

ఒకనాడు ఒడియా పనివాడొకడు తన కుమారుని పిలుచుకొని పోవుటకు వచ్చి, తెరచియున్న పుటను చూచి అట్లే నిలిచిపోయెను. అక్షరము ఒక్కటియు అతనికి తెలియదు. బొమ్మను చూపి, 'జహ్నమామూ!' అనెను. చందమామకే ఒడియాలో ఆ పేరు. అవే బొమ్మలతో, అవే కథలతో, ఆ పత్రిక హిందీ, ఒడియా, తమిళము మొదలుకొని మన సంస్కృతమువరకు పెక్కుభాషలలో అచ్చుపడెడిది. ఆ కథను అతడు తన భాషలో తన బాల్యమున చదివియున్నాడు. అతడు ఒడియాలో చెప్పెను, అతని కుమారుడు వచ్చీరాని తెలుగులో మా పిల్లలకు చెప్పెను, మా పిల్లలు పుటలో సరిచూచుకొనిరి. ఒక్క సంగతి తేడా రాలేదు.

మీ యిండ్లలో ఉన్నవానిని గూర్చి రెండు మాటలు. అటక దింపునపుడు దులుపకుడు. పెళుసు కాగితము విరుగును. నీడలో ఒక పూట గాలికి ఉంచి, మెత్తని గుడ్డతో తుడువుడు. చిరుగులకు జిగురు కాగితపు పట్టీ వేయకుడు, అది కొన్నాళ్లకు పసుపుబారి అక్షరమును తినును. పలుచని కాగితము, మైదా గంజి చాలును. అరుదైనదానిని ఛాయాచిత్రము తీయించి, తరువాత ధైర్యముగా పిల్లలకీయుడు. అట్ట చిరిగినదని సిగ్గుపడవలదు. మా అరుగుమీది సంచికలలో అట్ట ఉన్నవి పండ్రెండే.

ఇప్పుడు మా పిల్లలకు ఒక చిక్కు వచ్చినది. రాతిరథము కథలో ఒక భాగము మాయొద్ద లేదు. తుపానులో పోయిన వానిలో నది యొకటి. వీరులు ఒక నెల గుహలోనికి పోవుదురు, మాయొద్దనున్న తరువాతి సంచికలో అడవిలో నుందురు. గుహలో ఏమి జరిగినది? నన్నడిగిరి. నాకు తెలియును, చెప్పలేదు. ముగ్గురు పిల్లలు మూడు విధములుగా వ్రాసికొని, గళ్లు గీసి బొమ్మలు వేసి తెచ్చిరి. ఒకదానిలో గుహలోపల విద్యుత్కేంద్రపు పొగగొట్టము కూడ నున్నది. ఇంతలో లంకెలపాలెమునుండి ఒక పెద్దాయన, ఆ యేటి సంచికలన్నియు తన యింట కుట్టించి యున్నవని, చెదలు అంచులవరకే వచ్చినవని కబురు పంపిరి. వచ్చు ఆదివారము పదునొకండుమంది పిల్లలము, అనగా పదిమందియు నేనును, ఆటోలో పోవుచున్నాము. తాము వ్రాసిన మూడు భాగములను కూడ పిల్లలు వెంట తెచ్చుచున్నారు, ఆ పెద్దాయనకు చూపుటకు.